ముందు బంతిని ఆపడం నేర్చుకుందాం



సాయంత్రం బడి నుంచి హాస్టల్‌కు రాగానే మనం బంతి కోసం పరుగెత్తుతాం. దొరకగానే చేసే మొదటి పని దాన్ని బలంగా తన్నడం. ఎవరు ఎక్కువ దూరం తన్నితే వాళ్లే గొప్ప ఆటగాళ్లని మన లెక్క. నా అభిప్రాయం వేరు. ఫుట్‌బాల్‌లో ముందుగా నేర్చుకోవలసింది వచ్చిన బంతిని అందుకుని అదుపులో పెట్టుకోవడం. దీన్నే ట్రాపింగ్ అంటారు.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. ఇల్లు కట్టేచోట కూలీలు ఇటుకలు ఒకరి నుంచి ఒకరు అందుకోవడం చూసే ఉంటారు. చేతులు బిగబట్టి నిలబడితే వేళ్లు నలుగుతాయి. అందుకే ఇటుక తగలగానే చేతులను దానితోపాటే కాస్త వెనక్కి తీసుకుంటారు. క్రికెట్‌లో క్యాచ్ పట్టడమూ అంతే. సైన్సు పాఠంలో చదువుకున్నదే, ఆగడానికి పట్టే సమయం పెరిగితే దెబ్బ బలం తగ్గుతుంది. 410 నుంచి 450 గ్రాముల బరువుండే అయిదో నంబరు బంతికీ ఇదే సూత్రం. పాదం లోపలి వైపును బంతికి ఎదురు పెట్టి, తగిలే క్షణంలో కొద్దిగా వెనక్కి తీసుకుంటే బంతి కాలి దగ్గరే ఉంటుంది. కాలు కర్రలా బిగిస్తే ఎగిరి ఎదుటివాడికి పోతుంది.

ఇంకో రెండు మాటలు. బంతి వచ్చేదాకా నిలబడకుండా దానికి ఎదురు వెళ్లాలి. అది రాకముందే ఒకసారి వెనక్కి తిరిగి, ఎవరు ఎక్కడున్నారో చూసుకోవాలి. అప్పుడే ఖాళీ ఉన్న వైపుకు బంతిని మలుపుకోగలం.

హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ ఒలింపిక్స్ జట్టులోనూ, జకార్తా జట్టులోనూ ఉన్నారు. రహీం గారు నేర్పింది పాసుల ఆట. పాసుల ఆట నిలబడేది ఇచ్చేవాడి మీద ఎంతో, అందుకునేవాడి మీదా అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. మన హాస్టల్‌లో ఉన్నది ఒకే బంతి. అది పెద్దవాళ్ల కాళ్ల దగ్గరే ఉంటుంది. ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్లు గోల్ వెనక నిలబడి, ముళ్లకంపల్లో పడ్డ బంతిని తెచ్చివ్వాలి. అదే వాళ్ల ఆట. ఆరో తరగతిలో నేనూ అక్కడే నిలబడ్డాను. తొమ్మిదికి వచ్చాక, "వాడికి ఆపడం రాదు, వాడికియ్యకురా" అని నేనూ అరిచాను. ఇవ్వకపోతే ఎప్పుడు వస్తుంది? ఈత వచ్చాకే బావిలో దిగమన్నట్టుంది మన పద్ధతి. కొన్నాళ్లకు ఆ పిల్లవాడు మైదానానికి రావడం మానేసి మెట్ల మీద కూర్చుంటాడు. అమ్మానాన్నలను వదిలి వచ్చినవాడికి ఆ ఒక్క గంట సంతోషం కూడా మనమే లేకుండా చేస్తున్నాం. ఇది తప్పు.

అందుకే ఒక మాట చెబుతున్నాను. రోజూ ఆటకు ముందు పదిహేను నిమిషాలు గుండ్రంగా నిలబడదాం. ఒక పెద్దవాడి పక్కన ఒక చిన్నవాడు ఉండాలి. బంతిని ఆపడం, పక్కవారికి ఇవ్వడం, అంతే. ఒకరోజు కుడి కాలు, ఒకరోజు ఎడమ కాలు. బంతి ఒక్కటైనా చాలు. అందరూ ఒకే గుంపులో పట్టకపోతే, మిగిలినవాళ్లు పాత టెన్నిస్ బంతిని గోడకు తన్ని, తిరిగి వచ్చినదాన్ని ఆపాలి. చిన్న బంతిని ఆపగలిగినవాడికి పెద్ద బంతి ఒక లెక్క కాదు.

స్టడీ అవర్‌కు ముందు ఉన్నదే గంట, అందులో పదిహేను నిమిషాలు పోతే మ్యాచ్ ఎప్పుడు ఆడాలి అని కొందరు అడుగుతారు. ఆపడం రాక పొలాల్లోకి పోయిన బంతిని వెతకడానికి మనం రోజూ ఎంతసేపు పోగొట్టుకుంటున్నామో వాళ్లే లెక్క వేసుకోవాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మిఠాయిలతోపాటు ఒక నాలుగో నంబరు బంతి తెండి. అది కాస్త చిన్నది, తేలికైనది. తమ్ముళ్ల కాళ్లకు సరిపోతుంది. దాన్ని పెద్దవాళ్లం లాక్కోకుండా చూసే పూచీ నాది.