కొలత లేని రవికె

దర్జీ యొకఁడు మన కొలతలు తీసికొనక, ఊరిలోని స్త్రీలందఱికిని ఒకే పరిమాణమున రవికెలు కుట్టి పంచిపెట్టెననుకొనుఁడు. ఒకతెకు బిగువగును, ఒకతెకు వదులగును. "ఊరక యిచ్చిన దానికి వంకలేల?" యని యతఁడు కసరినచో మన మూరకుందుమా? అంగవైకల్యము గల మన తోఁబుట్టువులకు ఉపకరణము లిచ్చు పద్ధతి పెక్కుచోట్ల నిట్లే యున్నది.

మా పొరుగున నొక సోదరి కలదు. చిన్ననాఁటి పోలియోవలన ఆమె కాళ్లు చచ్చువడినవి. ఒక శిబిరమున నామెకుఁ జేతితోఁ ద్రిప్పు మూఁడుచక్రముల బండి నిచ్చిరి. ఇంటి గడప జానెడెత్తు, వీధి యెగుడుదిగుడు, చీర కుచ్చెళ్లు గొలుసులోఁ జిక్కును. రెండు మాసములకే బండి పంచలోఁ జేరినది. ఇపుడు దానిపై మిరపకాయ లెండుచున్నవి. ఆమె మునుపటివలెనే చేతులూని ప్రాఁకుచున్నది. "నన్నడిగియుండిన బండి వలదందును. వంటయింట నేలపైఁ గదలుటకుఁ జిన్న చక్రముల పీఁట కావలెనందును" అని యామె నాతో ననినపుడు నాకు సిగ్గు వేసినది. ఇన్నాళ్లు పొరుగున నుండియు నేనును అడుగలేదు గదా!

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన, ప్రధానముగాఁ బూర్వపు వరంగల్లు జిల్లానుండి యేర్పడినవి. అయినను వాని నేల యొక్క తీరుది కాదు. జనగామ ప్రాంతమున మెట్టచేల గట్లు. మహబూబాబాదు వైపున తండాలకు, కోయగూడెములకుఁ బోవు కాలిబాటలు. భూపాలపల్లి వైపున బొగ్గుగనులు, అడవి పల్లెలు, గోదావరి యిసుక. ఈ మూఁడుచోట్లకును ఒకే బండి యెట్లు సరిపడును? ఏ దారిలో నేది నడుచునో ఆ దారిని నిత్యము పడుచులేచుచుఁ బోవువారే చెప్పవలెను.

అడిగి చేసిన పని యెట్లుండునో జైపూరు పాదము తెలుపుచున్నది. విదేశపు పద్ధతి కృత్రిమపాదము బూటు తొడిగి కుర్చీపైఁ గూర్చుండువారికిఁ దగినది. మనవారు గొంతుకూర్చుండవలెను, బాసిపట్టు వేయవలెను, వట్టికాళ్లతో బురదమడిలో దిగవలెను. ఈ యవసరములను గమనించి, 1960వ దశకపు చివర వైద్యుఁడు ప్రమోద్ కరణ్ సేఠీయు, శిల్పి రామచంద్రశర్మయుఁ గలసి రబ్బరుతో నా పాదమును రూపొందించిరి. అంధుల లిపి కథయు నిట్టిదే. చూపుగల బార్బియే కూర్చిన పండ్రెండు చుక్కల పద్ధతి వ్రేలికొనకు మిక్కిలి పెద్దదైనది. చూపు కోల్పోయిన లూయీ బ్రెయిలీ పదునైదేండ్ల ప్రాయముననే, 1824లో, దానిని ఆఱు చుక్కలకుఁ దగ్గించెను. వ్రేలితోఁ జదువువాఁడు గనుక వ్రేలి కొలత యాతనికిఁ దెలిసినది.

ఇది దయాధర్మము మాత్రమే కాదు, న్యాయము. ఐక్యరాజ్యసమితి 2006లో నంగీకరించిన ఒడంబడిక, తమకు సంబంధించిన నిర్ణయములలో వికలాంగులను సంప్రదించి పాల్గొనఁజేయవలెనని చెప్పుచున్నది. భారతదేశము దానిని 2007లో ధ్రువపఱచినది. తరువాత వచ్చిన 2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి, ప్రతి జిల్లాకు నొక సమితి నేర్పఱుపవలెనని విధించినది. ఉపకరణముల కొఱకు కేంద్రప్రభుత్వ సహాయపథకము 1981నుండి యున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున గ్రామీణ పేదఱిక నిర్మూలన సంస్థ ప్రోత్సాహముతో వికలాంగులు పల్లెలలో సంఘములుగాఁ గూడి, మండల సమాఖ్యలు కట్టుకొనిరి. కావున అడుగఁదలఁచినచో చెప్పువారికిఁ గొఱఁత లేదు.

భారతమున అష్టావక్రుఁడు జనకుని యజ్ఞశాలకుఁ బోయినపుడు ద్వారపాలకుఁడు బాలుఁడని యడ్డగించెను. లోనికి రానిచ్చినందునఁ గదా వంది యోడుట, ఓడిన పండితులకు విముక్తి గలుగుట! గుమ్మము వెలుపల నిలిపివేసిన వారివద్ద నేమి జ్ఞానమున్నదో లోనివారి కెట్లు తెలియును?

ఇఁక మనము చేయఁదగినది. మీ యూరికి శిబిరము వచ్చునని తెలిసినచో, మహిళాసంఘపు సమావేశమునకు వికలాంగ సోదరీసోదరులను ముందుగాఁ బిలిచి, ఏమి కావలెనో వారి నోటనే చెప్పింపుఁడు. తల్లిగాని భర్తగాని వారికి బదులు పలుకరాదు. మాట రానివారు సైగలతోఁ జెప్పుదురు, ఓపికతోఁ జూడుఁడు. మరుఁగుదొడ్డి, స్నానము, చీరకట్టు విషయములు స్త్రీలు పురుషుల యెదుటఁ జెప్పలేరు. వానిని స్త్రీలే యడుగవలెను. బండి చెడినచో బాగుచేయువాఁ డెవఁడో యా దినముననే కనుఁగొనుఁడు. ఒక మాసము గడచిన పిదప మఱల పోయి, దానిని వాడుచున్నారా యని విచారింపుఁడు. మన యింటనే యత్తగారికిఁ జేతికఱ్ఱ కొనునపుడు ఆమెను నిలువఁబెట్టి కొలువుఁడు: చేయి వ్రేలాడవిడిచినపుడు మణికట్టు మడతవఱకు కఱ్ఱ యెత్తుండవలెను.

మా పొరుగు సోదరి తానే కొలత చెప్పఁగా వడ్రంగి పీఁట చేసెను; సైకిలు దుకాణమువాఁడు దానికి బేరింగుల చక్రములు బిగించెను. మొదట పీఁట కొంచె మెత్తైనదని యామె యనఁగా మరల తగ్గించిరి. నిన్న నామె పొయ్యి యొద్దనుండి నీళ్లకుండ యొద్దకుఁ దానే జరిగి, నాకు మంచినీళ్లిచ్చినది.