పొదుపు పాఠం జల్‌పల్లికేనా?

మాంద్యం మాట వినబడగానే టీవీల్లో పెద్దమనుషులు పాఠం మొదలుపెడతారు. పైసా పైసా కూడబెట్టాలి, స్థోమతకు మించి అప్పు చేయొద్దు, ప్రతిదానికీ సర్కారు వైపు చూడొద్దు. మంచి మాటలే. కానీ ఈ పాఠం ఎప్పుడూ పేదోడికే ఎందుకు?

పాతబస్తీ దాటి పహాడీషరీఫ్ వైపు పోతే జల్‌పల్లి. తుక్కు ప్లాస్టిక్ ఏరి వేరుచేసేవాళ్లు, ఆటో తోలేవాళ్లు, ఇంట్లో కూచుని బట్టల మీద జరీ పని చేసే ఆడవాళ్లు బతికే జాగా. ఏ రోజు కూలి ఆ రోజు బియ్యానికి, కిరాయికి సరి. దాచుకోమంటే ఏది దాచాలె?

2020 లాక్‌డౌన్‌లో రాష్ట్ర సర్కారు తెల్లకార్డున్న కుటుంబానికి రూ.1500, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. ఇచ్చినదాన్ని కాదనం. మరి కార్డు లేనోళ్ల సంగతేంది? రాష్ట్రం వచ్చిన తర్వాతి ఏళ్లలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. అందులో బోగస్‌వి లేవని మేం అనం. కానీ ఇంటికొచ్చి చూసిందెవరు? కంప్యూటర్ లెక్కతో తీసేశారు. క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అప్పటికి లాక్‌డౌన్ అయిపోయి రెండేళ్లు.

ఇంకోవైపు చూడండి. 2019 సెప్టెంబర్‌లో మందగమనం పేరు చెప్పి కేంద్రం కార్పొరేట్ పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. ఏటా లక్షా 45 వేల కోట్లు వదులుకుంటున్నామని తానే ప్రకటించింది. మంచి రోజుల్లో ఎందుకు దాచుకోలేదని కంపెనీలను ఎవరూ అడగలేదు. వాళ్లకిస్తే ఉద్దీపన, మనకిస్తే ఉచితం!

ఉద్యోగ మిత్రులకు ఈ దెబ్బ కొత్త కాదు. 2020 మార్చి జీతం చాలామందికి సగమే వచ్చింది. పింఛన్లకూ కోతే. ఇంటి లోను, పిల్లల ఫీజు, చిట్టీ పాట నెలలోపే తలకిందులయ్యాయి. నెలజీతగాడే తట్టుకోలేని దెబ్బను రోజుకూలీ ఏ పొదుపుతో తట్టుకుంటాడు? ఆగిన జీతం తర్వాత వాయిదాల్లోనైనా చేతికొచ్చింది. పోయిన కూలి రోజు రాలేదు.

బాధ్యత వద్దని మేం అనడం లేదు. పెండ్లికి, దావత్‌కు అప్పు చేసి ఏండ్లకేండ్లు మిత్తి కట్టే అలవాటు మన ఇండ్లల్లోనూ ఉంది, మానుకోవాల్సిందే. కానీ 2010లో ఏం జరిగింది? ఒకే ఇంటికి మూడు నాలుగు మైక్రోఫైనాన్స్ కంపెనీలు అప్పులిచ్చి, వారం వారం గుమ్మం ముందు కూచున్నాయి. ఆడబిడ్డలు ప్రాణాలు తీసుకున్నాక అక్టోబర్‌లో ఆర్డినెన్స్ వచ్చింది, తర్వాత చట్టమైంది. రిజర్వ్ బ్యాంకు కింద నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు అది వర్తించదని 2023లో హైకోర్టు తీర్పు. కుటుంబ ఆదాయంలో సగానికి మించి కిస్తీలు ఉండొద్దని రిజర్వ్ బ్యాంకే 2022లో నియమం పెట్టింది. తీసుకున్నోడికి బాధ్యత ఉంటే, ఇచ్చినోడికి లేదా?

నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడినం. నిధులంటే కష్టం వచ్చిన నాడు బస్తీకి చేరే పైసలు కూడా. 2025లో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. అంతటితో ఆగొద్దు. కిరాయి ఇండ్లల్లో ఉన్నోళ్లు, కార్డు పోగొట్టుకున్నోళ్లు, ఏ జాబితాలోనూ లేని రోజుకూలీలు ఎవరెవరో గడప గడపకూ పోయి ఇప్పుడే రాయాలి. కులగణన కోసం 2024 నవంబర్‌లో ఇల్లిల్లూ తిరిగిన సర్కారుకు ఇది చేతకాని పని కాదు.