పొయ్యి పంపే కబురు



మన కణాలలో మైటోకాండ్రియా అనే చిన్న భాగములున్నవని, తిన్న ఆహారమును ప్రాణవాయువుతో మండించి శక్తినిచ్చేవి అవేనని బడిలో చదువుకున్నాము. కణమునకు అవి పొయ్యి వంటివి. అయితే ఈ పొయ్యి వంట చేసి ఊరుకోదు, ఇంటి పెద్దకు కబురు కూడా పంపుతుంది!

మైటోకాండ్రియాకు తల్లి నుండి వచ్చే సొంత జన్యువులు 37 ఉన్నవి. వాటి నుండి 13 ప్రోటీన్లే తయారవుతాయని చాలాకాలము అనుకున్నారు. 2001లో జపాను శాస్త్రజ్ఞులు హ్యూమనిన్ అనే పెప్టైడును, అనగా అతి చిన్న ప్రోటీను తునకను కనుగొన్నారు. 2015లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు మాట్స్-సి అనే మరొకదానిని వెల్లడించారు. ఇది 16 అమైనో ఆమ్లముల గొలుసు. కణమునకు ఇబ్బంది కలిగినప్పుడు ఇది కేంద్రకములోనికి వెళ్లి అక్కడి జన్యువుల పనిని సర్దుతుంది. కొవ్వు మేత తిన్న ఎలుకలకు దీనిని ఇస్తే అవి అంతగా లావెక్కలేదు. ఇన్సులిన్ బాగుగా పనిచేసింది. సైకిలు తొక్కిన యువకుల కండరములలో ఇది పెరిగినట్లు 2021లో ప్రచురించారు.

అయితే ఒక్క మాట. ఎలుకకు మేలు చేసినంత మాత్రాన అది మనిషికి మందు కాదు. మాట్స్-సి ఇంకా ఆమోదము పొందిన ఔషధము కాదు. ఎవరైనా సూదిమందుగా అమ్మజూపితే కొనవద్దని, దానిని నమ్మి షుగరు మాత్రలు మానవద్దని మేము బతిమాలుచున్నాము. డాక్టరుగారు చెప్పిన మేరకు ఒంటికి పని చెప్పండి. ఆ కబురు లోపలనే, వెల లేకుండ పుడుతుంది.