ఇంటికొక సిపాయి కావాలంట!



నిన్న పులివెందులలో టీ కొట్టు కాడ ఒకాయన గట్టిగా చెప్తావున్నాడు: "ఇజ్రాయెల్ మాదిరి మన దేశంలోనూ ప్రతి పిల్లోడికీ రెండేళ్లు మిలిటరీ పెట్టాల. అప్పుడుగానీ బుద్ధి రాదు." ఆయన కొడుకు అమెరికాలో ఉన్నాడు. ఎవరి పిల్లోడికి పెట్టాలని అక్కడ అడగలేకపోయినా. ఇక్కడ అడుగుతున్నా.

బలవంతపు సైన్యం మా వాడకు కొత్త కాదు. ఫ్యాక్షన్ రోజుల్లో జీపొచ్చి ఆగితే ఇంటికొక మొగోడు ఎక్కాల్సిందే. కూలి ఆయన చేన్లోనే, గుడిసె ఆయన జాగాలోనే. రానని ఎట్లంటాడు? మా నాయన అట్లా ఎక్కినోడే. తర్వాత పెద్దోళ్లు రాజీ అయినారు. కోర్టు వాయిదాలకు తిరిగింది మావాళ్లు.

రాజ్యాంగంలో 23వ అధికరణ చదవండి. మొదటి భాగం వెట్టిని నిషేధించింది. రెండో భాగం ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం నిర్బంధ సేవ పెట్టొచ్చంది, కానీ మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయకూడదంది. దేశసేవకూ వెట్టికీ మధ్య గీత ఆ షరతే.

మనం సైన్యానికి వ్యతిరేకులం కాదు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సుబేదారు. 'యుద్ధ జాతులు' అనే లెక్కతో బ్రిటిషోళ్లు మహర్లకు తలుపులు మూసేశారు. అంబేడ్కర్ పట్టుబట్టినాక 1941లో మహర్ రెజిమెంట్ వచ్చింది. మనం కొట్లాడింది లోపలికి రానివ్వమనే.

ఇప్పుడూ అంతే. తెల్లారుజామున రోడ్డు మీద ఉరికే మా పిల్లోళ్లను చూడండి. వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదు, ఇంట్లో లేమి తప్ప. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత ఉంచుకునేది నూటికి 25 మందిని, మిగతావాళ్లకు పెన్షన్ లేదు. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్‌లో పోలీసు కాల్పులకు ఒక పిల్లోడు బలైపోయినాడు. అక్కడికి వచ్చినోళ్లు మిలిటరీ వద్దని రాలేదు, పూర్తి కొలువు కావాలని వచ్చినారు.

"అందరూ ఒకే బ్యారక్‌లో పండుకుంటే కులం పోతుంది కదా" అంటారు కొందరు. నాకూ ఆశే. కానీ వియత్నాం యుద్ధమప్పుడు అమెరికాలోనే కాలేజీ పిల్లలకు వాయిదాలు దొరికినాయి, పేదోళ్లు, నల్లోళ్లు తుపాకులు పట్టినారు. శాంతికాలంలో మనకాడ ఆ మినహాయింపుల జాబితా ఎంత పొడుగుంటుందో ఊహించుకోండి. పై చదువు, విదేశం, డాక్టరు సర్టిఫికెట్, పైనుంచి ఒక ఫోను.

మినహాయింపు ఎవరికీ లేదంటే రేపే మాట్లాడుకుందాం. ముందు ఆ టీ కొట్టు పెద్దమనిషి కొడుకును పిలిపించండి. పక్క మంచం మావాడిది.

అంతవరకూ అది ఆ పాత జీపే. జెండా మాత్రం మారింది.

జై భీమ్.