మనోగాయపు చికిత్సకు మన మాట ఏది?

కొన్నేళ్ల కిందట ఒడిశా తీరంలోని ఒక ఆస్పత్రిలో నేను గంటసేపు దుబాసీగా కూర్చున్నాను. ఎదుట ఉన్నది పూరీ ప్రాంతపు జాలరివాడకు చెందిన ఒక తెలుగు తల్లి. తుపాను రాత్రి చిన్నకొడుకును నీటికి పోగొట్టుకున్నది. అంతకుముందు ఆమె మాటలను వైద్యురాలికి ఒడియాలో చెప్పినవాడు పెద్దకొడుకు. అతని ఎదుట ఆమె నోరు విప్పలేదు. ఆనాడు మాత్రం అన్నది: “నానే సెయ్యొదిలేసినాను బాబూ. నా బతుకు దండగ.” ఆ రెండు మాటలను ఒడియాలో చెప్పబోయి నేను తడబడ్డాను. దండగ అన్న మాటలోని బరువు నా అనువాదంలోకి రాలేదు.

అక్కడ జరుగుతున్నది కనుకదలికల చికిత్స. ఇ.ఎం.డి.ఆర్. అంటారు. అమెరికాకు చెందిన ఫ్రాన్సీన్ షాపిరో 1987లో దీనికి నాంది పలికి, 1989లో తొలి పరిశోధనను ప్రకటించారు. కలచివేసిన జ్ఞాపకాన్ని మనసులో నిలుపుకొంటూనే బాధితులు తమ చూపును చికిత్సకుల వేళ్ల వెంట కుడి ఎడమలకు కదిలిస్తారు. చికిత్స ఎనిమిది దశలుగా సాగుతుంది. మనోగాయం మిగిల్చే రుగ్మతకు పిల్లలకూ పెద్దలకూ దీనిని వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. ఫలితంలో కనుకదలికల వాటా ఎంత అన్నదానిపై పరిశోధకుల మధ్య వాదం ఉన్నది. చికిత్స మేలు చేస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయి.

ఈ వైద్యానికి పరికరాలు కావాలంటే బజారులో దొరుకుతాయి. వెలుగుచుక్క అటూ ఇటూ పరుగెత్తే దీపాలపట్టీ, రెండు అరచేతుల్లో మార్చి మార్చి అదిరే బిళ్లలు, చెవి మార్చి చెవిలో మోగే శబ్దాలు ఉన్నాయి. ఇవేవీ లేకున్నా రెండు వేళ్లు చాలు. మెక్సికోలో 1997 నాటి పౌలీనా తుపాను బాధితులతో పనిచేస్తూ లుసీనా ఆర్టిగాస్ రూపొందించిన ‘సీతాకోకచిలుక కౌగిలి’కి ఆ వేళ్లూ అక్కరలేదు. బాధితులే చేతులను ఎదపై అడ్డంగా వేసుకొని మార్చి మార్చి తట్టుకుంటారు.

అయితే డబ్బు పెట్టి కొనలేని పనిముట్టు ఒకటి ఉన్నది. అది ప్రశ్నల పత్రం. అన్నిటికంటె బాధపెట్టే దృశ్యమేది? దానిని తలచుకుంటే నీ గురించి నీకు ఏమనిపిస్తుంది? దాని బదులు ఏమనుకోగలిగితే బాగుండును? ఆ మాట ఎంత నిజమనిపిస్తుందో 1 నుంచి 7 లోపు చెప్పు. బాధ ఎంతో 0 నుంచి 10 లోపు చెప్పు. అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?

మాటలు తక్కువగా నడిచే చికిత్సకు భాషతో ఏమి పని అని కొందరు అడుగుతారు. మాటలు తక్కువ కాబట్టే ప్రతి మాటా సరిగా ఉండాలంటాను. “నా బతుకు దండగ” నుంచి “నా చేతనైనంత చేశాను” వరకు నడవవలసిన మనిషికి ఆ రెండు మాటలూ తన నోటివే కావాలి. ‘ప్రతికూల స్వీయ విశ్వాసం’ అని అచ్చువేసి ఇస్తే అది తెలుగు లిపిలో ఉన్న పరభాషే. బడి ముఖం చూడని తల్లికి పది అంకెల కొలత కూడా అంతే. రెండు చేతుల ఎడంతో చూపమంటే ఆమె చూపగలదు. కాని అటువంటి మార్పును చికిత్సకులు పరీక్షించి చూడాలి.

అందువల్ల మూడు పనులు జరగాలి. పత్రాన్ని ఒకరు తెలుగు చేస్తే, మూలం చూడని మరొకరు దానిని తిరిగి మార్చి సరిచూడాలి. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు, యానాం వాడుకలలో దానిని వేరువేరుగా పరీక్షించాలి. ఇంటివారికి బదులు శిక్షణ పొందిన దుబాసీలను నియమించాలి. చికిత్స గురించిన సమాచారం బాధితులకు అర్థమయ్యే భాషలో అందాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతున్నది. మనం కొత్త వరమేదీ అడగడం లేదు.

ఒక హెచ్చరిక. పత్రం చేతికి వచ్చినంత మాత్రాన ఎవరూ చికిత్సకులు కారు. మానిన పుండును రేపి, కట్టు కట్టడం తెలియక వదిలివేయడం పాపం. చేయి ఎత్తితే ఆపుతామని ముందే మాట ఇచ్చి, ఆ మాట నిలుపుకోగలిగిన శిక్షితులే ఈ పని చేయాలి.

మనం చేయగలిగినది వేరే ఉన్నది. మీ ఊళ్లో భయాన్ని, దిగులును, తప్పు చేశానన్న బాధను పెద్దలు ఏ మాటలతో చెప్పుకుంటారో రాసి పంపండి. గుండె జారడం, కాళ్లూ చేతులూ చల్లబడటం, కడుపులో దేవడం వంటివి మీ వాడుకలో ఎలా ఉన్నాయో తెలపండి. వాటిని ఊళ్లవారీగా కూర్చి చికిత్సకుల చేతికి అందిద్దాం. మరొక తల్లి వచ్చి కూర్చునే నాటికి ఆమె మాట అక్కడ ముందే ఉండాలి.