ముల్లు మాట, పుల్ల సాక్ష్యం

అలల అంచున – తీరవాసి

పోయిన వారం విడవలూరు వైపు ఒక రొయ్యల గుంట గట్టు మీద కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా కాపలా పెద్దాయన జనరేటర్ షెడ్డులోకి వెళ్ళాడు. డీజిల్ ముల్లు సగానికి పైనే చూపిస్తోంది. ఆయన దాని వంక చూడనైనా చూడలేదు. ట్యాంకు మూత తిప్పి, కత్తితో గాట్లు పెట్టిన వెదురు బద్దను అడుగు తగిలేదాకా దించి, పైకి తీసి, తడి ఎక్కడిదాకా అంటిందో చూసుకున్నాడు. తర్వాత ఇంకో పాతిక లీటర్లు పోయించాడు.

"ముల్లు సగం చూపిస్తోంది గదా పెద్దాయనా?" అన్నాను.

"ముల్లుదేముంది నాయనా, ఎవురో చెప్పిన మాట. ఈ పుల్ల లోపలికి పొయ్యి చూసొచ్చింది" అన్నాడు.

రాత్రి కరెంటు పోయి, జనరేటరూ ఆగిపోతే ఏరియేటర్లు నిలిచిపోతాయి. గుంటలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి పంటంతా పోతుంది, అప్పు మిగులుతుంది. ఆయనకు ముల్లు చాలకపోవడంలో వింతేమీ లేదు.

చిన్న విమానం నడిపే పైలట్ కూడా బయల్దేరే ముందు ఇదే పని చేస్తాడంటే చాలామంది నమ్మరు. శిక్షణకు ప్రపంచమంతటా వాడే సెస్నా 172నే తీసుకోండి. దాని ట్యాంకులు రెండు రెక్కల్లోనూ ఉంటాయి. పైలట్ పైకెక్కి, మూత తీసి, కంటితో చూసి, గీతలున్న కొలబద్ద ముంచి లీటర్లు రాసుకుంటాడు. కొత్త నమూనాల్లో సుమారు 212 లీటర్లు పడుతుంది. అందులో ఇంజనుకు అందేది 200 లీటర్లే, మిగతాది అడుగున ఉండిపోతుంది. గంటకు 30 నుంచి 35 లీటర్లు ఖర్చు. కొలతలో ఇరవై లీటర్లు తేడా వచ్చిందంటే అరగంట ప్రయాణం గాలికి పోయినట్టే. పగటిపూట కంటిచూపుతో నడిపే విమానంలో గమ్యం చేరాక కూడా అరగంటకు, రాత్రయితే ముప్పావు గంటకు సరిపడా ఇంధనం మిగలాలని అంతర్జాతీయ నిబంధన. ఒక్క తప్పు కొలత ఆ మిగులు మొత్తాన్ని మింగేస్తుంది.

ముల్లు ఎందుకు తప్పుతుంది? రెక్కలోని ట్యాంకు కుండలా లోతైనది కాదు, పళ్ళెంలా వెడల్పుగా ఉంటుంది. మట్టం వేలెడు తగ్గితే లీటర్లకు లీటర్లు తగ్గినట్టు. పాత విమానాల్లో ఇంధనం మీద తేలే బెండు ఒకటి కడ్డీని కదిపితే, ఆ కదలికను బట్టి ముల్లు తిరుగుతుంది. విమానం పక్కకు ఒరిగినా, గాలికి ఊగినా ఇంధనం ఒక మూలకు చేరుతుంది, ముల్లూ దానితోపాటే ఊగుతుంది. వాడుకోదగిన ఇంధనం అయిపోయినప్పుడు ముల్లు సున్నా చూపాలని అమెరికా నిబంధన. దాన్ని పట్టుకుని, ట్యాంకు ఖాళీ అయినప్పుడు మాత్రమే ముల్లు నిజం చెబితే చాలట అని పైలట్లు హాస్యమాడతారు. నిబంధన అంత వదులుగా ఏమీ లేదు. కానీ ఆ హాస్యం అనుభవంలోంచే పుట్టింది.

అయితే పుల్ల ముంచితే చాలా? అదీ చాలదు. 1983 జూలై 23న కెనడాలో మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ వెళ్తున్న ఎయిర్ కెనడా బోయింగ్ 767 కథ ఇదే చెబుతుంది. అందులో ఇంధనం చూపే యంత్రం పనిచేయలేదు. సిబ్బంది పాత పద్ధతిలో కొలకడ్డీతో చూశారు. కడ్డీ తప్పు చెప్పలేదు. 7,682 లీటర్లు ఉందంది, అంతే ఉంది. తప్పు జరిగింది కాగితం మీద. లీటరు విమాన ఇంధనం బరువు దాదాపు 0.8 కిలోలు. వాళ్ళు 1.77తో గుణించారు, అది పౌండ్ల లెక్క. దేశం మెట్రిక్ కొలతలకు మారుతున్న రోజులవి. 22,300 కిలోలు కావలసిన చోట 22,300 పౌండ్లతో, అంటే సగం కన్నా తక్కువతో విమానం లేచింది. లోపలి కంప్యూటర్ మాత్రం 22,300 కిలోలు ఉన్నట్టే చూపింది. ఆ అంకె దానికి చెప్పింది వాళ్ళే మరి. ఒకే నోటినుంచి వచ్చిన మాటను రెండుసార్లు వింటే అది రెండు సాక్ష్యాలు కాదు. 41,000 అడుగుల ఎత్తున ఇంజన్లు ఆగిపోతే, గ్లైడర్లు నడిపిన అనుభవం ఉన్న కెప్టెన్ బాబ్ పియర్సన్ గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దింపాడు. విమానంలోని 69 మందీ బతికి బయటపడ్డారు.

యూనిట్ల తేడా అంటే ఏమిటో నెల్లూరు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన దగ్గర వడ్ల బేరం పుట్టి లెక్క. పుట్టి అంటే 850 కిలోలు. అమ్మేవాడి పుట్టి, కొనేవాడి పుట్టి వేరువేరయితే ఎంత నష్టమో కల్లంలో నిలబడి చూసినవాళ్ళం.

కొలబద్దతో ఇంకో చిక్కుంది. ఏ ట్యాంకు బద్ద ఆ ట్యాంకుకే, మీటరైనా అంతే. 2005 ఆగస్టు 6న ఇటలీ నుంచి ట్యునీషియా వెళ్తున్న ట్యునింటర్ ఏటీఆర్ 72 విమానంలో, అంతకుముందు రోజే ఏటీఆర్ 42కు చెందిన ఇంధన మీటరు బిగించారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అది లేని ఇంధనాన్ని ఉన్నట్టు చూపింది. ఇంజన్లు ఆగి విమానం సిసిలీ దగ్గర సముద్రంలో దిగింది. 39 మందిలో 16 మంది చనిపోయారు.

కొలవడంలో జాగ్రత్తలూ ఉన్నాయి. విమానం సమతలం మీద నిలవాలి. ఇంధనం నింపేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు ఒక్క నిప్పురవ్వ రాలిస్తే చాలు కాబట్టి, ముందు విమానానికి, ఇంధనం పోసే బండికి మధ్య తీగ తగిలించాలి. ప్లాస్టిక్ డబ్బాలతో పోయడం ప్రమాదం. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి ఆ తేమ నీరై గోడలకు పట్టి అడుగుకు దిగుతుంది. అందుకే పొద్దున్నే అడుగునుంచి కాస్త ఇంధనం గాజు గొట్టంలోకి తీసి చూస్తారు. పిస్టన్ ఇంజన్ల పెట్రోలు, 100 ఎల్ఎల్ రకం, నీలంగా ఉండాలి, అడుగున నీటి బొట్టు ఉండకూడదు. ఎండా లెక్కలోకి రావాలి. వేడి పది డిగ్రీలు పెరిగితే పెట్రోలు దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది. లీటర్లు పెరుగుతాయి గానీ బరువు పెరగదు.

నెల్లూరులో ఇంతవరకు ప్రయాణికుల విమానం దిగిందే లేదు, దగదర్తిలో కడతామన్న విమానాశ్రయం ఏళ్ళ తరబడి ఊరిస్తూనే ఉంది, మనకెందుకీ లెక్కలంటారా? మన తీరం నుంచే కదా మంగళ్‌యాన్ లేచింది. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయల్దేరినప్పుడు అందులో 852 కిలోల ఇంధనం ఉంది. అటూ ఇటూగా ఒక నెల్లూరు పుట్టి. భారం లేని అంతరిక్షంలో మట్టం అంటూ ఉండదు, పుల్ల ముంచే వీలు అసలే లేదు. ఇంజను ఎన్ని క్షణాలు మండిందో ఖాతా రాయాలి. ట్యాంకులోని ఒత్తిడి, వేడి చూసి మిగులు ఎంతో లెక్కగట్టాలి. ఆరు నెలల పనికి పంపిన నౌక అంగారకుడి చుట్టూ దాదాపు ఎనిమిదేళ్ళు తిరిగింది. చివరికి 2022లో ఇస్రో శాస్త్రవేత్తలు కూడా ఇంధనం అయిపోయి ఉంటుందనే అన్నారు. చూసి చెప్పిన మాట కాదది, లెక్క చెప్పిన మాట. తమకు తెలిసింది ఎంతవరకో అంతవరకే చెప్పారు.

ముల్లు, పుల్ల, ఖాతా మూడూ విడివిడిగా చూడాలన్నదే నా మాట. మూడూ కలిస్తే బయల్దేరండి. ఏ ఒక్కటి తేడాగా చెప్పినా తక్కువ చెప్పినదాన్నే నమ్మండి. వేటకు పోయే బోటుకైనా, గుంట గట్టు మీది జనరేటర్‌కైనా, రేపు దగదర్తిలో దిగబోయే విమానానికైనా ఇదే వర్తిస్తుంది.

వచ్చేముందు పెద్దాయన్ని ఆ బద్ద మీద గాట్లు ఎట్లా పెట్టావని అడిగాను. ఖాళీ ట్యాంకులో ఐదేసి లీటర్లు కొలిచి పోస్తూ, పోసినప్పుడల్లా ఒక గాటు పెట్టాడట. చిన్న విమానాల పైలట్లు తమ కొలబద్ద తయారు చేసుకునేదీ ఇట్లాగే. పక్క గుంటవాళ్ళు అడిగితే ఆ బద్ద ఇవ్వడట. వాళ్ళ ట్యాంకు వేరు.