క్లింగను భాషలోని పరిహాసములు

చేపను "ఘోటి" యని పిలుచు భాష యొకటి కలదు. అది యే దేశస్థులదియు గాదు. 1984వ సంవత్సరమున వెలువడిన "స్టార్ ట్రెక్" మూడవ చలనచిత్రమునందు క్లింగనులను కల్పిత యోధజాతి మాటలాడుటకై, అమెరికా భాషాశాస్త్రజ్ఞుడగు మార్క్ ఒక్రాండ్ దానిని నిర్మించెను. 1985లో నిఘంటువును గూడ ప్రకటించెను.

ఆ "ఘోటి" యెక్కడిది? ఆంగ్లమున "రఫ్" అను మాట చివరనున్న జీ-హెచ్‌లకు ఫకారధ్వనియు, "విమెన్" లోని ఓ అక్షరమునకు ఇకారధ్వనియు, "నేషన్" లోని టీ-ఐలకు షకారధ్వనియు కలవు గదా! ఆ మూటిని కూర్చి "ఫిష్" అని చదువవచ్చునను హాస్యము 19వ శతాబ్దమునుండియు నున్నది. దానిని బెర్నార్డ్ షాకు అంటగట్టుట పొరపాటు. ఆంగ్లాక్షరక్రమముతో కుస్తీపట్టిన మన విద్యార్థులకు దీని రుచిని వేరుగ చెప్పనక్కరలేదు.

వాద్యముల పేళ్లలో ఈ చమత్కారము మరింత సొంపుగా నున్నది. ఒక తంత్రీవాద్యము పేరు "లెష్పాల్". 1952లో గిబ్సన్ కంపెనీవారు ఎవని పేరిట విద్యుద్గిటారును విక్రయమునకు దెచ్చిరో, ఆ లెస్ పాల్ అను వాదకుని పేరే యిది. ఎకార్డియను వంటి తిత్తివాద్యము "మైరోన్". లారెన్స్ వెల్క్ టెలివిజన్ కార్యక్రమమున ఎకార్డియను వాయించి ప్రసిద్ధికెక్కిన మైరన్ ఫ్లోరెన్ ఇందు దాగియున్నాడు. జతకు "చాంగెంగ్" అని పేరు. దేహములు కలిసి 1811లో సయాము దేశమున జన్మించిన చాంగ్, ఎంగ్ అను కవలలు జ్ఞప్తికి రాకమానరు.

యోధుల భాషలో కల్పించినవాని నవ్వు వినబడుట తగునా యని కొంద రాక్షేపింపవచ్చును. ఇది తేలికగ త్రోసివేయదగిన మాట కాదు. షేక్స్పియరుని "హామ్లెట్" నాటకము నీ భాషలోనికి అనువదించియున్నారు. విషాదఘట్టమున శ్రోత యొక పదము విని నవ్వినచో రసము చెడును.

అయినను నేను ఒక్రాండ్ పక్షమువాడను. సహజభాషలోని పదముల వెనుక దండయాత్రలు, వర్తకము, వలసలు ఉండును. మన యింటి "అలమార" అను మాటలోనే పోర్చుగీసువారి యోడలు కనబడును. కల్పితభాషకు అట్టి గతము లేదు. ఏవో కొన్ని ధ్వనుల నెన్నుకొనక తప్పదు గనుక, ఊరక యేరుటకంటె నొక తలంపుతో నేరుట మేలు. పైగా మన శ్లేషకావ్యములందు రెండవ యర్థము తెలియనిచో పద్యము సగమే చేతికి చిక్కును. ఇచ్చట లెస్ పాల్ ఎవరో యెరుగనివాడును ఆ వాద్యమును గూర్చి నిరాటంకముగ మాటలాడగలడు.

నాకు నచ్చనిది యొక్కటి కలదు. ఈ హాస్యములో పెక్కుపాలు అమెరికా టెలివిజనును, ఆంగ్లపు పలుకుబడిని ఎరిగినవారికే దక్కును. ఫ్లోరెన్ వాద్యము వినని నేటి యువకునకు "మైరోన్" వట్టి పేరు మాత్రమే. భాష నేర్పువారు పదముతో పాటు దాని కథను గూడ చెప్పుట మంచిది.